గాభరా

ఈ విషయం కళాశాల పత్రికలో వ్రాయదగినదేనా అని చాలాకాలం సందేహించాను. విద్యార్థి మిత్రులలో నావంటి వారు మరికొందరు ఉంటారన్న నమ్మకంతోనే సాహసిస్తున్నాను.

డిగ్రీ రెండవ సంవత్సరంలో ఒకనాడు ప్రశ్నపత్రం చేతికి అందకముందే పరీక్ష హాలు విడిచి బయటకు వచ్చేశాను. చదువుకోక కాదు. గుండె విపరీతంగా కొట్టుకొన్నది. వ్రేళ్ళ కొనలు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. ఆ క్షణాన మరణం సమీపించిందనే అనుకొన్నాను.

అబ్బాజాన్ నన్ను వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళారు. ఇ.సి.జి. తీయించారు. గుండెకు ఏ దోషమూ లేదని తేలింది. “అంతా భ్రమ” అన్నారు ఆ వైద్యులు. గుండె బాగున్నదన్న మాట ఊరటే గాని, భ్రమ అన్న మాట నన్ను క్రుంగదీసింది. నటిస్తున్నానేమోనని నన్ను నేనే అనుమానించుకొన్నాను. దాదీ మాత్రం నా వీపు నిమురుతూ, “ఘబ్రాహట్ హై, బేటా” అన్నది. తెలుగులో మనం గాభరా అనేది ఆ మాటకు చుట్టమే. రెండు భాషలలోనూ పేరున్న బాధ భ్రమ ఎట్లా అవుతుంది?

ఆ తరువాత బస్సు ఎక్కడం మానేశాను. సంతకు, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. తప్పించుకొన్న ప్రతిసారీ ప్రాణం కుదుటపడేది. ఆ కుదుటకు వడ్డీ కట్టవలసి ఉంటుందని తెలియలేదు. నాలుగు నెలలకు నా లోకం మేడమీది గదికి పరిమితమయింది.

హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు ఎత్తితే నవ్వుతారు. ఒక ఊరి పేరును తిట్టుగా మార్చుకొన్నాం. ఆ తప్పులో నాకూ పాలు ఉన్నది. చివరకు అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలకే వెళ్ళాను. నా వరుసలో ఒక బాలింత, ఒక గుమాస్తా కూర్చొని ఉన్నారు. వైద్యురాలు ఓపికగా వివరించారు: ఆపద లేకపోయినా శరీరం ఆపదఘంట మ్రోగిస్తుంది; అతివేగంగా శ్వాసించడం వలన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి; ఆ ఉధృతి సాధారణంగా పది నిమిషాలలోగా పతాకస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. పారిపోకుండా నిలిస్తే అది తగ్గడం మనమే చూస్తాం. మందు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. మొదటి వారమే మానేద్దామనుకొన్నాను, దాదీ మాననివ్వలేదు. మొదట బస్సులో ఒక స్టాపు, పిదప రెండు, ఆ పిదప సంత.

నా మిత్రుని బాధ వేరు. అతనికి భయం లేదు, దేనిమీదా ఆసక్తీ లేదు. వారాల తరబడి నిద్ర లేదు. ఒక రాత్రి, బ్రతకాలని లేదన్నాడు. ఉపదేశాలు చేయడానికి నాకు నోరు రాలేదు. తెల్లవారేదాకా ప్రక్కనే కూర్చొన్నాను. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఇద్దరం కలిసి ఫోను చేశాం. అర్ధరాత్రి అయినా అవతలివారు తెలుగులోనే మాట్లాడారు. ఇప్పుడతడు చికిత్సలో ఉన్నాడు.

తప్పిన పరీక్ష తిరిగి వ్రాసిన నాడు వ్రేళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కాయి. గడియారం వైపు చూస్తూ కదలకుండా కూర్చొన్నాను. ప్రశ్నపత్రం అందింది. హాల్‌టికెట్ నంబరు వేశాను. రెండు అంకెలు వంకరగా పడ్డాయి.