ప్రక్కవాద్యములవారు

హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల యెదుట ఎవరైన నొక చలనచిత్ర నటుడు కారు దిగినచో, నల్లకండ్లద్దములు ధరించినను, టోపీ నుదుటిమీదికి లాగికొనినను, క్షణములో ఆతనిని గుర్తుపట్టి చుట్టుముట్టగల జనము మన నగరమున నున్నది. అచ్చటికి నడిచిపోదగినంత దూరములోనే, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మెట్లు దిగి, మృదంగము భుజమునకు తగిలించుకొని బస్సుకై నిలుచున్న విద్వాంసుని మాత్రము ఆయన మోచేతికి మోచేయి తగులునట్లు నిలుచున్నవారు సైతము ఎరుగరు. ఇందులకు ఎవరిని నిందింపవలసిన పనిలేదు. నటుని కళకు ముఖమే ఆధారము. విద్వాంసుని కళ మనకు చెవిద్వారమున చేరినది. కన్నులకు దానితో పరిచయము తక్కువ. ఆకాశవాణి విజయవాడ కేంద్రమువారి భక్తిరంజనితో తెల్లవారిన తరమువారు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతును ఒక్క పలుకుతో పోల్చుకొనగలిగిరి; ఆయన గాయకుడు, పేరు మొట్టమొదట ప్రకటింపబడువాడు, పిమ్మట చలనచిత్రములలోను కనబడినవాడు గనుక ముఖమును తెలిసినది. ఆయన వెనుక వాయించిన మృదంగపు నాదము కూడ అంతకాలము మన యిండ్లలో మ్రోగినదే. ఆ వ్రేళ్ళు ఎవరివో ఎంతమంది చెప్పగలరు?

నేను చెప్పదలచినది ఈ ప్రక్కవాద్యములవారిని గూర్చియే.

మన ప్రాంతమునకు ఈ విషయమున ఒక విశేషాధికారము కలదు. 1952లో స్థాపితమైన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల రామకోటిలో నున్నది. నారాయణగూడ చౌరస్తానుండి అచ్చటికి నడిచి పోవచ్చును. 1966లో ఏర్పడిన త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో నున్నది. ఇవి రెండును ఇంత దగ్గరగా నుండుటచేత, ఉదయము పాఠము చెప్పుటకు పోవువారును, సాయంకాలము కచేరీకి వచ్చువారును, వారి శిష్యులును, శిష్యుల తల్లిదండ్రులును ఈ వీధులలోనే తిరుగుచుందురు. కూరగాయలు బేరమాడుచు, మందులదుకాణమువద్ద నిలిచియుండి, నారాయణగూడ తాజ్‌మహల్ హోటలులో ఇడ్లీ సాంబారు తినుచు మనకు ప్రతిదినము తారసిల్లుచునేయుందురు. 2020లో మెట్రో రైలు వచ్చి చిక్కడపల్లికి నొకటి, నారాయణగూడకు నొకటి స్టేషన్లు వెలసిన తరువాత, ఆటోలో మృదంగమును ఒడిలో పెట్టుకొని కూర్చొనువారిలో కొందరు రైలెక్కి మన ప్రక్కసీటులోనికే వచ్చిరి. కనుక గుర్తుపట్టు అవకాశము పూర్వముకంటె ఇప్పుడే యెక్కువ.

గుర్తుపట్టుట యెట్లు? ముఖము చూచి కాదు, చేతులు చూచి. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ వాయించువారు వాద్యమును గడ్డము క్రింద అదిమిపట్టుదురు గనుక, ఏండ్ల సాధనవలన వారి ఎడమ దవడ క్రింద ఒక మచ్చ యేర్పడును; మన విద్వాంసులు నేలపై కూర్చుండి, వాద్యపు కొనను కుడిపాదముమీద ఆనించుకొని వాయింతురు గనుక వారికి ఆ గురుతు ఉండదు. వారి ఎడమచేతి వ్రేళ్ళ కొనలను చూడవలెను. గమకములకై తంతిమీద జారిజారి అవి గట్టిపడి, ఇతరుల వ్రేళ్ళకు లేని నునుపును పొందియుండును. వీణ వాయించువారి చూపుడువ్రేలికి, నడిమివ్రేలికి తంతులు గీసిన గాట్లు, నూనెతోను లోహపు మసితోను నల్లబడి, ఎంత తోమినను పోవు. బ్యాంకులోనో పాఠశాలలోనో ఉద్యోగము చేయుచు, సాయంకాలము వీణ ముందు కూర్చొను గృహిణులు మన అశోక్‌నగరు వీధులలో లేకపోలేదు. కొత్తిమీర కట్టను త్రిప్పిచూచుచున్న చేతిమీద ఆ రెండు నల్లని గీతలు కనబడినచో, ఆ చేయి నిన్నటి రాత్రి ఏ రాగమును వెదకినదో యని నాకు తోచును.

మృదంగమువారి గురుతు వేరు. మృదంగమునకు కుడిమూతపై నల్లని కరణి శాశ్వతముగా నుండును. ఎడమమూతకు మాత్రము కచేరీకి ముందు బొంబాయిరవ్వను నీటితో తడిపి, మెత్తగా పిసికి, వడవలె అద్దుదురు. మంద్రమున వినవచ్చు ఆ గంభీరమైన నాదమంతయు ఆ పిడికెడు రవ్వది. కచేరీ ముగిసిన వెంటనే దానిని గీకివేసి మూతను తుడువవలెను, లేకున్న చర్మము చెడును. అందరును గాయకుని చుట్టు మూగి శాలువలు కప్పుచుండగా వేదికపై ఒక ప్రక్క తలవంచుకొని రవ్వ గీకుచున్న మనిషిని మీరు చూచియే యుందురు, చూచియు గమనించియుండరు.

ఒకనాటి రాత్రి మెట్రోలో నా యెదుట కూర్చున్న పెద్దమనిషి గోళ్ళ మూలలలో తెల్లగా ఎండిన రవ్వ కనబడినది. మోకాళ్ళనడుమ గుడ్డసంచిలో వాద్యము నిలువుగా నున్నది. సంచిమీద ఆయన కుడిచేతి వ్రేళ్ళు చప్పుడు లేకుండ ఆడుచున్నవి. చూచుచుండగా అది ఐదుమాత్రల నడకయని తెలిసినది. దానితోపాటే మనిషియు తెలిసినాడు.

"మొన్న గానసభలో ఖండచాపులో తని వాయించింది మీరే కదండీ? చాలా బాగుందండీ" అంటిని.

ఆయన వ్రేళ్ళు ఆగినవి. "తని అయ్యేదాకా కూర్చున్నారా మీరు?" అని అడిగెను.

ఆ ప్రశ్న నన్ను చాలదినములు వెంటాడినది. గాయకుడు విరామము తీసికొని, మృదంగమువానికి తన విద్య చూపుటకై వేదికను అప్పగించు, తని యనబడు ఆ కొద్ది నిమిషములే సభలో సగముమంది లేచి కాఫీకి పోవు సమయము. ఏండ్లతరబడి లేచిపోవుచున్న వీపులను చూచుచు తన సర్వస్వమును వాయించిన మనిషి అడిగిన ప్రశ్న అది. తరువాత ఆయన ఎంతో ఉత్సాహముగా, "ఏసీ హాల్లో శ్రుతి నిలవదండీ, మధ్యమధ్యలో రాయితో తట్టుకుంటూనే ఉండాలి" అనుచు, చిన్న గులకరాయిని జేబునుండి తీసి చూపెను. చిక్కడపల్లి స్టేషను వచ్చినది. దిగక, తరువాతి స్టేషనువరకును ఆయనతో పోయితిని.

అశోక్‌నగరు సంగతి చెప్పకతప్పదు. నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును, కోచింగు సెంటర్ల చుట్టును, గ్రూపు పరీక్షలకై చదువుకొనుచున్న వేలాది యువకులలో అనేకులు జతపరచుము అను శీర్షిక క్రింద ద్వారం వేంకటస్వామినాయుడు, వాయులీనము; ఈమని శంకరశాస్త్రి, వీణ; షేక్ చినమౌలానా, నాదస్వరము అని వల్లించుచుందురు. వారి శ్రమయందు నాకు గౌరవము కలదు. ఇల్లు విడిచి, గదిలో నలుగురు పండుకొని, ఒక్క మార్కుకై రాత్రులు మేల్కొనువారు వారు. అయినను ఆ పేరు ప్రక్కన వాద్యము వ్రాసి తరువాతి ప్రశ్నకు పోవుచుండగా, అదే వాద్యమును మోసికొని ఒకరు కిటికీ క్రిందుగా పోవుచున్నారని వారికి ఎవరైన చెప్పవలదా? రాత్రి చదువు మాని ఒక గంటసేపు గానసభలో కూర్చున్నచో, ఆ జత వారికి జన్మమంతయు మరపునకు రాదు.

గుర్తింపు ఎంత దూరము పోవునో తెలుపు కథ మన విజయనగరమున నొకటి కలదు. 1919లో అచ్చట సంగీత కళాశాల నెలకొల్పబడినప్పుడు, చూపు అంతగా ఆనని ద్వారం వేంకటస్వామినాయుడు అను ఇరువదియారేండ్ల యువకుడు విద్యార్థిగా చేరుటకు పోగా, అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఆతని కమాను పట్టును విని, శిష్యునిగా కాదు, ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. ఆ ఊరిలోనే కొంతకాలమునకు ఘంటసాల వేంకటేశ్వరరావు అను బాలుడు జోలె పట్టి మధూకరముచేత పొట్టపోసికొనుచు సంగీతము నేర్చెను. ఆ జోలెలో పిడికెడన్నము వేసిన తల్లులలో ఎవరికిని ఆతడెవరో తెలియదు, తెలియకయే పెట్టిరి.

ఇక అందరికంటె తక్కువ గుర్తింపునకు నోచుకొన్నవారు బ్యాండుమేళమువారు. ఎఱ్ఱకోటు, బంగరు జరీపట్టీలు, తలపై కుచ్చుటోపీ: ఈ వేషములో బరాత్ ముందు నడుచుచు క్లారినెట్, ట్రంపెట్, శాక్సఫోను ఊదువారిని చిక్కడపల్లి వీధులలో ముహూర్తములరోజున ఎవరు చూడలేదు? కోటు విప్పిన మరునాడు టీకొట్టువద్ద వారిని పోల్చుకొన్నవారిని మాత్రము నేను చూడలేదు. పాత నగరపు పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా సంగతియు ఇట్టిదే. నిజాముల అశ్వికదళములో కొలువుండి, ఏసీ గార్డ్స్ అను పేటకు పేరిచ్చిన ఆఫ్రికా వంశీయులు ఈ నగరమున నిలిపిన లయ అది. ఒక వివాహపు రాత్రి, జనరేటరు బండి ఆగి, పెండ్లికొడుకు స్నేహితులు నాట్యము చాలించి నీళ్ళు త్రాగుచున్న ఆ సందులో, వయసుమళ్ళిన ఒక క్లారినెట్టువాడు ప్రక్కకు తిరిగి, తనకొఱకే యన్నట్లు, మోహనరాగమున నాలుగు సంగతులు ఊది ఆపెను. షడ్జమునుండి గాంధారమునకు పోవునప్పుడు ఆతడు స్వరమును తాకిన తీరు సినిమాపాటలవలన వచ్చునది కాదు. అడుగగా, తాతది సన్నాయి అనియు, సన్నాయికి పిలుపులు తగ్గగా తండ్రి క్లారినెట్టు పట్టెననియు చెప్పెను. అంతలో బండి కదలినది.

క్లారినెట్టువాని యింట ఏమి పెరుగుచున్నదో ఎవరు చెప్పగలరు? పాలకొల్లులో సత్యనారాయణ అను క్లారినెట్ విద్వాంసుని కుమారుడు, ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలిన్‌ను చేతపట్టుకొని తనంతట వాయించుచుండగా, తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు విని, వాని విద్యను గుర్తించి, తాను మాండలిన్ వాయించువాడు కాకున్నను, నోటితో పాడుచు నేర్పెను. గురువు పాడినదానిని పిల్లవాడు తంతిమీద పలికించెను. ఆ బాలుడే ఉప్పలపు శ్రీనివాస్. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరీ. 1983లో, పదునాలుగేండ్ల వయసున, బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించి, జాజ్ సంగీతమునందే జీవితము గడపినవారిని అబ్బురపరచెను. పిమ్మట జాజ్ విద్వాంసుడైన జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలసి లోకమంతయు తిరిగెను. 2014లో నలుబదియైదేండ్లకే ఆతడు పోవుట మన దురదృష్టము. తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును.

గుర్తుపట్టిన పిమ్మట ఎట్లు మెలగవలెననుట మరియొక ప్రశ్న. అందులకు జాజ్ చరిత్రలోనే మంచి యుదాహరణము కలదు. 1959లో న్యూయార్కునందు సోనీ రోలిన్స్ అను శాక్సఫోను విద్వాంసుడు, కీర్తి శిఖరమున నుండగా, తన వాద్యము తనకు చాలదని తోచి కచేరీలు మానెను. ఇంట సాధన చేసినచో ఇరుగుపొరుగువారికి, అందును గర్భవతియైన యొక యిల్లాలికి, ఇబ్బంది యగునని, సమీపముననున్న విలియమ్స్‌బర్గ్ వంతెనపైకి పోయి, రైళ్ళ రొదలో, నదిమీది గాలిలో, రెండేండ్లకు పైగా గంటలకొలది వాయించుచుండెను. వంతెనమీద నడుచువారెందరో ఆయనను దాటి పోయిరి. రాల్ఫ్ బెర్టన్ అను రచయిత గుర్తించి 1961లో మెట్రోనోమ్ పత్రికలో దానిని గూర్చి వ్రాసెను గాని, విద్వాంసుని పేరు మార్చి, వంతెన పేరును మార్చి వ్రాసెను. ఆ సాధనకు భంగము కలుగరాదని ఆయన పాటించిన మర్యాద అది. తిరిగివచ్చి 1962లో వెలువరించిన రికార్డుకు రోలిన్స్ 'ది బ్రిడ్జ్' అనియే పేరు పెట్టెను.

కనుక విద్వాంసుడు కుటుంబముతో టిఫిను చేయుచున్నప్పుడు, ఆసుపత్రి వరుసలో నిలిచియున్నప్పుడు, దూరమునుండి ఒక నమస్కారము చాలును. ఫోను పైకెత్తి ఆయన భుజముమీద చేయివేసి ఫొటో తీసికొనుట నాకు సమ్మతము కాదు. ముఖము తెలిసినదని చెప్పుటవలన ఆయనకు ఒరుగునది లేదు. తాను వాయించినది ఒకరు విన్నారని తెలియుటయే ఆయనకు కావలసినది. ఎక్కడ, ఎప్పుడు, ఏ కీర్తనకు, ఏ తాళములో, ఇంతమాత్రము చెప్పినచో ఆయన మొగము విప్పారుటను మీరే చూతురు.

గానసభలో సాయంకాలపు కార్యక్రమములకు ప్రవేశము తరచుగా ఉచితమే. ఒకనాడు పొండు. ఆహ్వానపత్రికలో గాయకుని పేరు క్రింద చిన్న అక్షరములలో నున్న పేర్లను కూడ చదువుడు. తని ముగియువరకు లేవకుడు. అనంతరము వేదిక ప్రక్కకు పోయి, రవ్వ గీకుచున్న ఆయనను పేరుపెట్టి పిలిచి, మీకు నచ్చిన ఘట్టమేదో చెప్పుడు. తాళము పేరు తెలియకపోయినను ఫరవాలేదు. ఆయననే అడుగుడు, సంతోషముగా చెప్పును.