రెండు కాళ్లకి రెండు కాగితాలు

బజార్లో లెగ్గిన్ ఎంతకి దొరుకుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. సైజు చెప్తే చాలు, షాపులో అబ్బాయి ముప్పై రంగులు ముందు పడేస్తాడు. అలాంటిదాన్ని ఇంట్లో కూర్చుని కాగితం మీద గీసి, కత్తిరించి, కుట్టుకోవాల్సిన ఖర్మేంటే అని నా రూమ్మేట్ అడిగింది. ఆ రోజు దానికి సరిగ్గా సమాధానం చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

ఇంటర్ సెకండియర్ పరీక్షలయిన పది రోజులకి స్కూటీ మీంచి పడ్డాను. ఎడమకాలు మోకాలి కింద విరిగింది. ఆపరేషను, తర్వాత కట్టు, తర్వాత కర్ర. కట్టు విప్పిన రోజు నా కాలు నాదిలా అనిపించలేదు. కండ కరిగిపోయి, ఎవరో చిన్నపిల్ల కాలు తెచ్చి నాకు అతికించినట్టుంది. "వాడకపోతే కండ తగ్గుతుందమ్మా, వ్యాయామం చేస్తే వస్తుంది" అన్నారు డాక్టరు గారు. వచ్చింది కూడా. కానీ మొత్తం రాలేదు. ఇప్పటికీ కుడి తొడ 21 అంగుళాలు, ఎడమ తొడ 19. పిక్క దగ్గర 13న్నరకి 12.

నడకలో ఎవరికీ తెలియదు. లెగ్గిన్ వేస్తే మాత్రం తెలిసిపోతుంది. కుడికాలికి చక్కగా అతుక్కుంటుంది. ఎడమకాలికి మోకాలి దగ్గర ముడతలు, పిక్క దగ్గర సంచిలా వదులు. అందుకే బీటెక్‌లో చేరాక ఏడాదిన్నర పలాజోలతోనే గడిపేశాను. "నీకు పలాజో పిచ్చి" అనేవాళ్లు అందరూ. అవును పిచ్చే అనేదాన్ని.

సెకండియర్‌లో మెషిన్ షాప్ ల్యాబ్ మొదలైంది. మొదటి రోజే సారు గుమ్మం దగ్గర ఆపేశారు. "తిరిగే లేత్ పక్కన ఈ గాలిపటాలేంటమ్మా? చుట్టుకుంటే లాగేస్తుంది. ఒంటికి అతుక్కుని ఉండే బట్టలతో రా." ఆయన చెప్పింది వంద శాతం కరెక్టు. తిరిగే చక్‌కి మన సిగ్గు గురించి తెలియదు. ఆ శనివారం తెనాలి బస్సెక్కి ఇంటికెళ్లిపోయాను.

మా అమ్మ ఇరవయ్యేళ్లుగా వీధిలో వాళ్లకి జాకెట్లు కుడుతుంది. నల్లటి తొక్కుడు మిషను, దాని మీద బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయి ఉంటాయి. నేను కుట్టుకుంటానంటే, "నేనుండగా నువ్వెందుకే? అయినా ఆ సాగే గుడ్డ నేనెప్పుడూ కుట్టలేదు" అంది. నేనే కుట్టుకుంటాను, కొలతలు కూడా నేనే తీసుకుంటానన్నాను. ఆ రెండో ముక్క ఎందుకన్నానో ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది. టేపు నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

లెగ్గిన్ కటింగ్ చూడ్డానికి తేలికే. పక్క కుట్టు ఉండదు. ఒక కాలికి ఒకే ముక్క, ముందూ వెనకా కలిపి. తొడ లోపలివైపు ఒక కుట్టు, రెండు కాళ్లనీ కలుపుతూ నడుం నుంచి నడుం దాకా వంపుగా ఒక కుట్టు. వెనక వంపు ముందు వంపు కంటే లోతుగా ఉండాలి, వెనక నడుం ఒక అంగుళం ఎత్తుగా ఉండాలి. లేకపోతే కూర్చున్నప్పుడు వెనక కిందికి జారుతుంది. మామూలు బట్టకి మన కొలత కంటే కాస్త ఎక్కువ పెట్టి కుడతాం. దీనికి తక్కువ పెట్టాలి. గుడ్డ సాగి ఒంటికి పట్టుకోవాలి కాబట్టి చుట్టుకొలతలో దాదాపు 10 శాతం తగ్గించాను. 21 అంగుళాల తొడకి 19 అంగుళాల గుడ్డ అన్నమాట. పొడవు మాత్రం తగ్గించలేదు.

గుడ్డ విజయవాడ వన్‌టౌన్‌లో కొన్నాను. కాటన్ లైక్రా, మీటరుంపావు. షాపులోనే స్కేలు తీసి 10 సెంటీమీటర్లు పట్టి లాగి చూశాను. 15 దాకా సాగింది. వదిలేస్తే మళ్లీ 10కి వచ్చింది. వేరే రోల్ ఒకటి వదిలాక 11 దగ్గరే ఆగిపోయింది. అంటే నాలుగు రోజుల్లో మోకాళ్ల దగ్గర ఉబ్బిపోతుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదివిన 'పర్మనెంట్ సెట్' నాకు ఆ రోజు బట్టల కొట్టులో అర్థమైంది. ఆ సాగే దారాన్ని 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే కెమిస్టు తయారుచేశాడు. 'ఎక్స్‌పాండ్స్' అనే ఇంగ్లిష్ మాటలోని అక్షరాలు అటూ ఇటూ మార్చి 'స్పాండెక్స్' అని పేరు పెట్టారు. గుడ్డలో దాని వాటా మామూలుగా 5 శాతం ఉంటుంది. మిగతాదంతా పత్తే. పత్తి కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరేశాను.

మామూలుగా కాగితం ఒక్కటే గీస్తారు. గుడ్డ మడిచి దాని మీద పెట్టి కత్తిరిస్తే రెండు కాళ్లూ ఒకేసారి వచ్చేస్తాయి. నాకు ఆ సౌకర్యం లేదు. ఆదివారం పేపర్లు అతికించి రెండు కాగితాలు గీశాను. నడుం నుంచి తొడ పైభాగం దాకా రెండూ ఒకటే. అక్కణ్ణించి మూడంగుళాలు దిగాక ఎడమకాగితం రెండంచుల్లోనూ కొంచెం కొంచెంగా లోపలికొస్తుంది. కత్తెర పెట్టబోతుంటే అమ్మ వెనకనుంచి చూసి, "అలాగే కోస్తే రెండూ కుడికాళ్లే అవుతాయి. దాన్ని బోర్లా తిప్పు" అంది. తిప్పాను. కాగితాలు ఎందుకు రెండున్నాయని మాత్రం అడగలేదు.

కుట్టడం అయ్యేసరికి రాత్రి తొమ్మిది. వేసుకుని అద్దంలో చూసుకుంటే సంబరమే సంబరం. అన్నానికి కింద కూర్చున్నాను. పట్. పట్. పట్. గుడ్డ సాగింది, దారం సాగలేదు. వెనక కుట్టంతా విడిపోయింది. తమ్ముడు కంచం వదిలేసి పడిపడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అది కుట్టు గురించి వచ్చిన ఏడుపు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

పొద్దున్నే అమ్మ బీరువాలోంచి నా పాత చుడీదార్ బాటమ్ ఒకటి తీసుకొచ్చింది. "ఇది లైక్రా కాదు కదా, మరి కాలికెలా పట్టుకుంటుంది? క్రాస్‌లో కోస్తాం. ఏ గుడ్డయినా ఏటవాలుగా లాగితే సాగుతుంది. క్రాస్ కుట్టేటప్పుడు గుడ్డని ముందూ వెనకా కొంచెం లాగి పట్టి కుడతాం, దారం కూడా కొంచెం ఎక్కువ పడుతుంది. దీనికీ అంతే చెయ్యి" అంది. కుట్టు ఎలా ఉందో చూద్దామని దాన్ని తిరగేశాను.

కుడికాలికి లోపల ఒక కుట్టుంది. ఎడమకాలికి రెండున్నాయి. పాత కుట్టుకి ముప్పావు అంగుళం లోపలగా, మోకాలి నుంచి పిక్క దాకా ఇంకొకటి. బీరువాలో ఉన్న మిగతావి కూడా తీశాను. నా ప్యాంట్లు, చుడీదార్లు, ఆఖరికి నైట్ ప్యాంట్ కూడా. అన్నిటికీ ఎడమకాలు లోపల రెండో కుట్టు. ఇంట్లో కుట్టినవన్నీ బానే ఉంటాయి, బజారువే బాగోవు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. బానే ఎందుకున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఎప్పుడు చేశావమ్మా ఇవన్నీ?"

"నువ్వు కాలేజీకెళ్లాక. నీ ముందు టేపు పడితే నువ్వు మొహం తిప్పుకునేదానివి. ఉతికి ఆరేసినప్పుడు నీ బట్టలు చూసే కొలత పట్టుకున్నాను."

ఇంకేం మాట్లాడాలో తెలియలేదు. ఇద్దరం కూర్చుని రాత్రి ఊడిన కుట్లు విప్పాం. అప్పుడు మాత్రం టేపు అమ్మకిచ్చి లేచి నిలబడ్డాను. పిక్క దగ్గర నేను పావు అంగుళం తప్పు కొలిచానని తేల్చింది.

మామూలు సూదితో మధ్యమధ్యలో కుట్టు ఎగిరిపోతోందని గుండ్రటి మొన ఉండే 11 నంబరు సూది తెచ్చాను. అది అల్లిక పోగుల్ని తెంపకుండా వాటి మధ్యలోంచి దిగుతుంది. అమ్మ చెప్పినట్టు గుడ్డని లాగి పట్టి కుట్టాను. తర్వాత సందు చివర పీకో షాపుకెళ్లి, కుట్ల మీదా పాదాల దగ్గర మడతల మీదా జిగ్‌జాగ్ వేయించాం. జిగ్‌జాగ్ కుట్టు మడతలు మడతలుగా ఉంటుంది కాబట్టి గుడ్డతోపాటు సాగుతుంది. ఆ మధ్యాహ్నం కింద కూర్చునే అన్నం తిన్నాను. ఏ చప్పుడూ రాలేదు.

సోమవారం ల్యాబ్‌లో సారు నా వైపు చూసి లోపలికి రమ్మని తలూపారు. లేత్ మీద స్టెప్ టర్నింగ్ చేశాను. నా కాళ్ల వైపు ఎవరూ చూడలేదు. చూసినా ఫర్వాలేదనిపించింది.

ఇప్పుడా కాగితాలు రెండూ హాస్టల్లో నా డ్రాఫ్టర్ పక్కనే చుట్టి ఉన్నాయి. ఒకదాని మీద 'కుడి', ఇంకోదాని మీద 'ఎడమ' అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. మా రూమ్మేట్ పొడగరి. ఏ లెగ్గిన్ వేసినా దానికి చీలమండ పైనే ఆగిపోతుంది. నిన్న రాత్రి ఈ వ్యాసం చదివి, చాలాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుని, "నాకూ ఒక కాగితం గీసి పెట్టవే" అంది. టేపు తీశాను.