హాజరు పట్టీ

రాచర్ల నుండి వచ్చిన ముగ్గురు విద్యార్థులము మేము. కంప్యూటరులో ఈ క్షణాన ఏయే ప్రాసెస్సులు నడుస్తున్నవో పట్టీ వ్రాసే ప్రోగ్రామును మాకు ప్రయోగపరీక్షలో ఇచ్చారు. ప్రాసెస్ అనగా నడకలో ఉన్న ప్రోగ్రాము. ఒకే ప్రోగ్రామును నాలుగు మార్లు నడిపితే నాలుగు ప్రాసెస్సులు; ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య.

లినక్స్‌లో ఈ పని పైకి సులభమే. ‘ప్రోక్’ అనే డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్‌కూ దాని సంఖ్యే పేరుగా ఒక డైరెక్టరీ ఉంటుంది. ప్రాసెస్సులను ఫైళ్లుగా చూపే ఈ పద్ధతిని 1984లో బెల్ ప్రయోగశాలకు చెందిన టామ్ కిలియన్ యూనిక్స్ కొరకు వివరించాడు. ఆ ఫైళ్లు డిస్కుమీద ఉండవు. మనం చదువబోయినప్పుడే కెర్నెల్ వాటిని సమకూర్చి ఇస్తుంది.

అంకెల పేర్లను ఏరి, ఒక్కొక్కదానిలోని ‘కామ్’ ఫైలు తెరచి, పేరు చదివి చూపేటట్లు వ్రాశాము. సాధనలో పలుమార్లు చక్కగా నడిచింది. పరీక్షాధికారి ఎదుట మాత్రం ‘ఆ ఫైలు లేదు’ అని నడుమ ఆగిపోయింది. మా ముఖాలు మార్కాపురం పలకలవలె నల్లబడినవి.

కారణం తరువాత తెలిసింది. మేము సంఖ్యను చూచిన క్షణానికీ, ఫైలు తెరచిన క్షణానికీ నడుమ ఆ ప్రాసెస్ తన పని ముగించుకొని వెళ్లిపోయింది.

నిజానికి మాకిది క్రొత్త కాకూడదు. వానలు తప్పిన ఏట మా ప్రాంతం నుండి హైదరాబాదుకో, బెంగుళూరుకో కూలికి పోయేవారు ఎందరో! పట్టీలో పేరు ఉంటుంది. ఇంటికి తాళం ఉంటుంది. పేరు వ్రాసినవాడు అబద్ధమాడలేదు. తాళం వేసినవాడు నేరం చేయలేదు. బడిలో మా సహాధ్యాయి ఒకడు అట్లే తల్లిదండ్రుల వెంట వెళ్లాడు. కొన్నాళ్లు అతని పేరు పిలిచారు, ఒకనాడు కొట్టివేశారు. ఎక్కడికి వెళ్లాడని మేమెవ్వరమూ అడుగలేదు.

ప్రోగ్రామును సరిదిద్దాము. ఫైలు లేకుంటే ఆగక, తరువాతి సంఖ్యకు సాగమన్నాము. ఖాళీ అయిన సంఖ్యను కెర్నెల్ మరొక ప్రాసెస్‌కు ఇవ్వవచ్చు. కనుక మరల చూచినప్పుడు సంఖ్యతోపాటు ‘స్టాట్’ ఫైలులోని ఆరంభకాలాన్ని కూడ సరిచూచుకొమ్మన్నాము. ఇప్పుడది ఆగకుండా నడుస్తున్నది.

హాజరు అన్న మాట మా ఉర్దూ మిత్రులదీ, మాదీ. లేనివానిని దాటి సాగిపొమ్మని యంత్రానికి నేర్పినాము. మనుష్యుల పట్టీలో అది తగదని తెలిసికొని, ఆ మిత్రుని చిరునామా కొరకు వెదకుచున్నాము.