కురే రేవున ఓడల బొమ్మలు

హిరోషిమానుండి సముద్రతీరము వెంబడి రైలులో పోయినచో సుమారొక గంటలో కురే పట్టణము చేరవచ్చును. ఒకవైపున కొండలు, వేఱొకవైపున ద్వీపముల నడుమ అలలు లేక నిలిచిన సముద్రము. హిరోషిమాలో చదువుకొనుచున్న మా ఆడపడుచును చూడబోయి, 2019 మే నెలలో మావారితో కూడ మేమీ యూరు చూచితిమి. కొండల చాటున ఒదిగిన యా రేవును చూడగనే మాకు మా విశాఖపట్టణము జ్ఞప్తికి వచ్చినది.

యమాటో యను మహా యుద్ధనౌకను నిర్మించినది ఈ యూరనే. 1937 నవంబరులో పని ప్రారంభించి, పరుల కంటబడకుండ రేవుపై కప్పు వేసి, 1941 డిసెంబరునకు ముగించిరి. నాలుగేండ్లు శ్రమించి కట్టిన 263 మీటర్ల యోడ 1945 ఏప్రిలు 7వ తేదీని అమెరికా విమానముల దాడికి సుమారు రెండు గంటలలో మునిగిపోయినది. దానితో దాదాపు మూడువేలమంది నావికులు మరణించిరి. ఆ యోడకు పదియవ వంతుగా 26.3 మీటర్ల నమూనాను చేసి, 2005లో తెఱచిన ప్రదర్శనశాలలో నిలిపియున్నారు. పిల్లలు దాని ఫిరంగులను లెక్కించుచుండిరి. నావికులు తమ యిండ్లకు వ్రాసిన కడపటి యుత్తరములు ఆ శాలలోనే యున్నవి. అచ్చట మాత్రము తల్లులు నిలిచి చదువుచుండిరి.

మా ఆడపడుచు స్నేహితురాలి తాతగారు ఆ యూరివారే. ఓడల కార్ఖానాలో పనిచేసి విరమించినవారు. నలువది యేండ్లుగా యుద్ధనౌకల బొమ్మలు చేయుట వారి వ్యాసంగము. మమ్ము ఎంతో ఆదరముతో తమ యింటికి పిలిచి, ఆ బొమ్మల గది చూపిరి. గోడ పొడవునను అద్దాల బీరువాలు. వానిలో వరుసలు తీఱి ఓడలు. మన సంక్రాంతి బొమ్మల కొలువువలె నున్నది కాని, ఇందు దేవతలును లేరు, పెండ్లికొడుకును పెండ్లికూతురును లేరు.

షిజువోకా ప్రాంతమందలి నాలుగు బొమ్మల సంస్థలు 1971లో ఒక యొప్పందము చేసికొని, జపాను నౌకాదళపు ఓడలను తమలో పంచుకొని, భాగములను పోతపోసి పెట్టెలలో అమ్మసాగినవి. అసలు ఓడలో ఏడువందలవ వంతు ప్రమాణము. నీటిపైన కనబడు భాగము మాత్రమే చేయుదురు. కావున బల్లమీద పెట్టినను తేలుచున్నట్లే యుండును. ఈ ప్రమాణమున మనుష్యుడు ఆవగింజంత, విమానము చింతగింజంత. మిగిలిన ప్లాస్టిక్కు ముక్కను కొవ్వొత్తి సెగకు చూపి, మెత్తబడగానే మెల్లగా సాగదీసినచో వెండ్రుకవంటి దారము వచ్చును. అదియే స్తంభముల నడుమ తీగ. బూడిదరంగు సయితము ఒక్కటి కాదు. కురే, ససేబో, మైజురు కార్ఖానాలలో వేసిన రంగులకు స్వల్పభేదము లుండెడివట. ఆయా పేళ్లతోనే సీసాలు అమ్ముదురు. చీరెల యంగడిలో ఒకే యెఱుపున ఆఱు భేదములు గుర్తింపగల మన చెల్లెండ్రకు ఇది వింతగా దోపదు.

ఆయన బల్లమీద అప్పుడొక విమానవాహక నౌక సగము పూర్తియై యుండెను. దాని పేరు ర్యూజో. 1933లో సైన్యమున చేరిన యీ నౌక పైబరువు మితిమీఱి నిలుకడ లేనిదగుటచేత, 1934లో కురేకు తెచ్చి అడుగున బరువులు చేర్చి సవరించిరి. 1936 నాటికి ముందుభాగమును ఎత్తుచేసిరి. అందువలన ఏ యేటి ర్యూజోకు ఆ యేటి రూపమే చేయవలెను.

"ఓడను చేయుట తేలిక. ఏ నాటి యోడను చేయుచున్నామో నిశ్చయించుకొనుటయే కష్టము. ఇది 1942 ఏప్రిలు నాటిది" అని ఆయన చెప్పగా ఆడపడుచు తెనిగించినది.

మేమును మావారును ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. ఆ నెల 6వ తేదీని ర్యూజోనుండి లేచిన విమానములే విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. నాడు పేలక మిగిలిన బాంబు నొకదానిని మా యూరి విశాఖ మ్యూజియములో చూడవచ్చును. మా మామగారి తల్లి అప్పటికి పదేండ్ల పిల్ల. ఊరంతయు మూటలు కట్టి పల్లెలకు పరుగిడినపుడు ఆమెయు నడచిపోయినది.

వారిచ్చిన తేనీరు చేతిలో పట్టుకొని ఈ మాట చెప్పుటెట్లని మేము సంకోచించితిమి. తుదకు మావారే చెప్పిరి. ఆ వృద్ధుడు చాలసేపు పలుకలేదు. పిదప ఒక పుస్తకము తీసి చూపెను. ఓడ సంచరించిన దినములన్నియు అందు వ్రాసికొనియున్నాడు. ఏప్రిలు 6 ఎదుట మా రెండూళ్ల పేళ్లు మాత్రమే యున్నవి.

"ఆమె యున్నారా?" అని యడిగెను.

"ఉన్నారు. ఎనుబదియేడేండ్లు."

"నాడు మూటలో ఏమి పట్టుకొని పోయినారు?"

అది మాకు తెలియును. ఆమె ఎన్నియోసార్లు చెప్పినది. "లక్కపిడతలు" అంటిమి. లక్కపిడతలనగా నేమో ఆడపడుచు చేతులతో చూపి వివరించినది. ఆయన కలము తీసికొని, ఆ తేదీ క్రింద ఏదో వ్రాసి, పుస్తకము మూసెను. ఆ యోడయు అదే సంవత్సరము ఆగష్టు 24న సాలమను ద్వీపముల చేరువ మునిగినదనియు, సుమారు 120 మంది పోయిరనియు మెల్లగా చెప్పెను.

యుద్ధనౌకల బొమ్మలు పిల్లలకు యుద్ధమునందు ప్రీతి గలిగించునని కొందఱు పెద్ద లందురు. పెట్టెమీది మంటల బొమ్మను చూచి కొని, రెండు దినములలో అతికి పాఱవైచువారి విషయమున అది నిజము కావచ్చును. ఒక్క నౌకకై ఏండ్లు వెచ్చించువాడు మాత్రము అది ఏ తీరమునకు పోయెనో, ఏమి చేసెనో, ఎవ్వరితో మునిగెనో తెలిసికొనక తప్పదు.

మా పిల్లవాడును ఇప్పుడొక యోడ చేయుచున్నాడు. ఏడాది గడచినది, స్తంభము నిలువలేదు. వంటింటి కొవ్వొత్తులు మాత్రము తఱిగిపోవుచున్నవి. మేము వలదనము. సోదరీమణులారా, మీ యింటను ఇట్టి పిల్లవాడుండిన జిగురు మరకలకు కోపపడక, "నాయనా, ఇది ఏ యేటి యోడ?" అని యడుగుడు. వాడు వెదకి తెచ్చిన సమాధానమును ఓడ పీట క్రింద వానిచేతనే వ్రాయింపుడు.