అటక మీది డప్పు

గత క్రిస్మస్‌కు ముందు మా సంఘ యౌవనస్థులు నలుగురు మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, ఈసారి కేరల్స్‌కు డప్పు కొడతాం" అన్నారు. "వద్దు బాబూ, గిటారు చాలు" అన్నాము మేము. వారిలో ఒకడు మర్యాదగానే అడిగాడు: "గద్దర్‌ది మన జిల్లానే గదా అయ్యగారూ. ఆయన డప్పుతో పాడితే అందరూ విన్నారు. మనకెందుకు సిగ్గు?" మాకు జవాబు తోచలేదు.

ప్రియ పాఠకులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా తాత తన ఊరిలో డప్పు కొట్టేవాడు. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి. పిలిస్తే పోవలసిందే, పెట్టింది తీసుకోవలసిందే. బాప్తిస్మము పొందిన తరువాత ఆయన డప్పును అటక ఎక్కించాడు. అది వెట్టిని వదిలించుకోవడం, అందులో తప్పు లేదు. కాని ఆయన మనుమలమైన మేము చదువుకొని, తాత ఏమి పని చేసేవాడో ఎవరికీ చెప్పకుండా దాచాము.

తూప్రాన్‌లో దళిత కుటుంబములో పుట్టిన గుమ్మడి విఠల్ రావు గారు అలా దాచలేదు. బి. నర్సింగ్ రావు గారి ప్రోత్సాహంతో పాటలోకి వచ్చి, 1972లో ఏర్పడిన జననాట్యమండలికి గొంతు అయ్యారు. 1979 నాటి "మా భూమి" సినిమాలో బండి యాదగిరి గారి పాట పాడి ఇంటింటికీ తెలిశారు. కెనరా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగముండేది. 1984లో దానిని వదులుకున్నారు.

ఆయన సరంజామా ఎంత? గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, ప్రక్కన డప్పు. ఒకరు అందుకుంటే ఇద్దరు వంత పాడతారు. పాట మధ్యలో ఆగి మాట్లాడి, నవ్వించి, ఏడ్పించి, మళ్లీ పల్లవి ఎత్తుకుంటారు. బాణీలు కొత్తవి కావు. నాట్లు వేసే తల్లుల నోట, ఒగ్గు కథలో, బుర్రకథలో ఉన్నవే. మాటలు మాత్రము మారాయి. ఇంగ్లండులో బిల్లీ బ్రాగ్ ఒక్క గిటారు పట్టుకొని కార్మికుల పక్షాన పాడినట్లే ఇదీ. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు కూడ మన రాగములలోనే గదా క్రైస్తవ కీర్తనలు కట్టారు!

ఆయన నమ్మిన సాయుధ మార్గాన్ని మేము ఒప్పుకోలేదు, నేటికీ ఒప్పుకోము. ఐదేండ్లు అజ్ఞాతములో ఉండి 1990లో బయటికి వచ్చినప్పుడు హైదరాబాదు నిజాం కళాశాల మైదానము జనంతో నిండిపోయింది. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటాను వైద్యులు తీయలేకపోయారు. దానిని వెన్నులో మోస్తూనే ఆయన ఇరవై ఆరేండ్లు ఆడి పాడారు. "ఒరేయ్ రిక్షా" సినిమాకు వ్రాసిన చెల్లెలి పాటకు నంది బహుమతి వస్తే వద్దన్నారు. చివరి కాలములో తుపాకీ దారి విడిచి, 2018 ఎన్నికలలో మొదటిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న కన్ను మూశారు. బ్రతికుండగా బహుమతి కాదన్న ఆయన పేరిటే 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము సినిమా అవార్డులు ఇచ్చింది!

తెల్లవారి మేము అటక ఎక్కాము. డప్పు చట్రము గట్టిగానే ఉంది, తోలు మాత్రము చీలిపోయింది. కొత్త తోలు వేయించాము. కేరల్స్ రాత్రి మెదకు వీధిలో పిల్లలు గడ్డి మంట వేసి దానిని కాచారు. వేడి తగలనిదే డప్పు పలకదు. ఒక సంఘ పెద్ద ముఖము త్రిప్పుకొని వెళ్లిపోయాడు. ఆయన మీద మాకు కోపము లేదు. నిన్నటిదాకా మేమూ ఆయన ప్రక్కనే ఉన్నాము.

మొదటి దెబ్బకు ఒక ముసలమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "ఎవరి మనుమడివి బిడ్డా?" అని డప్పు కొట్టేవాణ్ణి అడిగింది. వాడు తన తాత పేరు చెప్పాడు. ఆమె మా వైపు తిరిగింది. మేమూ మా తాత పేరు చెప్పాము.