కాకి యక్షరము

గుంటూరునుండి విజయవాడకు పోవు రహదారిమీద కొలదిదూరములోనే పెదకాకాని తగులును. మల్లేశ్వరస్వామివారి యాలయమును, యజ్ఞాల బావిని చూడని సోదరీమణులు మా ప్రాంతమున అరుదు. ఆదివారములందు పొంగళ్ల పొగతో ఆవరణమంతయు నిండియుండును. పూర్వము భరద్వాజమహర్షి యిచట యజ్ఞము చేయుచుండగా, శాపవశమున కాకియైన యొకడు హవిస్సును ముట్టెననియు, అభిషేకజలము తనపై చల్లుమని వేడుకొని విముక్తుడయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఊరికి కాకాని యను పేరు అందువలననే వచ్చినదట.

మొన్నటి శ్రావణమున మా వారి ఆబ్దికమునకు మా అమ్మాయి జపానునుండి పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చినది. తండ్రి కడపటి ఘడియకు అది అందుకొనలేకపోయినది. ఆ కొఱత దాని మనసున నేటికిని ఉన్నది. పిల్లవానికి తొమ్మిదేండ్లు. తెలుగు మాటలాడును గాని చదువలేడు. అమ్మమ్మ వ్రాత మనుమనికిని, మనుమని వ్రాత అమ్మమ్మకును తెలియకపోవుట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెడిది.

ఆనాడు ప్రహరీగోడమీద విస్తరిలో అన్నముంచి అందఱమును చేతులు జోడించి నిలిచితిమి. వాడు నవ్వాపుకొనలేక "కరసు కోసమా?" అని యడిగెను. వారుండు వీధిలో కాకులు చెత్తసంచులను చింపకుండ వలలు కప్పుదురట. అట్టి పక్షికి మనము దండము పెట్టుట వానికి వింత. తాతయ్య ఆ రూపమున వచ్చి భుజించునని చెప్పగానే నవ్వు మానెను.

సాయంకాలము గుడి ఆవరణలో వాడు పుల్లతో నేలపై ఒక యక్షరము గీసెను. "ఇది తొరి, అమ్మమ్మా. పక్షి" అనెను. పదునొకండు గీతలు, అడుగున వరుసగా నాలుగు చుక్కలు. దాని ప్రక్కనే మఱియొకటి గీసి "ఇది కరసు" అనెను. నా కన్నులకు రెండును ఒక్కటే. అప్పుడు వాడు పైభాగమున వ్రేలుంచి చూపెను. పక్షియక్షరము లోపల నొక చిన్న యడ్డగీత గలదు. అది కన్నట. కాకి యొడలు నలుపు, కన్నును నలుపే. చూచువారికి వేఱుగా కానరాదు. కావున కాకియక్షరములో ఆ గీత తీసివేసిరట. ఇక మిగిలినవి పది గీతలు.

ఈ లిపి చీనానుండి జపానునకు వచ్చినది. అక్షరముతోపాటు చీనా పలుకును వచ్చెను; జపానువారు తమ సొంత మాటను గూడ దానికే తగిలించుకొనిరి. అందుచేత కాకియక్షరము ఒంటరిగా నున్నపుడు 'కరసు', సమాసమున చేరినపుడు 'ఉ'. క్రమములేని మూకను వారు 'ఉగో నో షూ' అందురు. కాకులు మూగినట్టి గుంపని యర్థము. ఇది మనకంత క్రొత్త గాదు. కాకి యనెడి నోటితోనే కాకబలి, కాకతాళీయము అనుచుందుము గదా! అయితే మన వ్యాకర్తలు వైరిసమాసమును దోషమనిరి. జపానువారు రెండు విధముల పలుకులను ఒక్క మాటలో కలుపుటయే గాక, ఆ కలయికలకు 'యుతో', 'జూబాకొ' అని పేర్లు గూడ పెట్టుకొనిరి. క్యోటో నగరమందలి యొక పెద్దవీధి పేరును అక్షరముల ప్రకారము 'కరసుమరు' అని చదువవలెను. జనులు మాత్రము 'కరసుమ' అందురు. వాడుకకు ఎదురేమున్నది?

ఊలాంగు తేయాకు పేరును వారు 'ఊరొన్' అందురు. అందు మొదటిది కాకి, రెండవది నాగము. ఆ నాగాక్షరమే 'ర్యూ' అను పలుకుతో ఆచార్య నాగార్జునుని జపాను నామమైన 'ర్యూజు'లో మొదట నిలిచినది. 'జు' యనగా చెట్టు; ఆయన మద్దిచెట్టు క్రింద పుట్టెనని చీనా చరిత్రకారులు చెప్పిరి. మా యూరి చేరువనే 1976లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే యున్నది. దాని ముందునుండి ఎన్నిమారులు పోయితినో, చెట్టుమాట నాకు తోచనేలేదు.

నిత్యవ్యవహారమునకని 2010లో సవరించిన జపాను పట్టికలో 2136 అక్షరములున్నవి. కాకి యందులో లేదు. తఱచుగా ధ్వనిలిపిలోనే వ్రాయుదురు. మావాడు దీనిని బడిలో గాక ఏదో కథలపుస్తకమున నేర్చినాడు.

గీసిన యక్షరమును చూచుచు వాడు, "కన్ను లేకపోతే తాతయ్య మనల నెట్లా చూస్తాడు?" అని యడిగెను. నాకు మాట రాలేదు. కొంతసేపటికి మా అమ్మాయి, "కన్నుందిరా. మనకే కనబడదు" అని కొంగుతో మొగము తుడుచుకొన్నది.

వారు వెళ్లిన తరువాత నేను పలకమీద దినమునకు పదిమార్లు ఆ యక్షరము దిద్దుచుంటిని. మొన్న వానికి వ్రాసిన జాబు చివర దానినే సంతకముగా పెట్టితిని. మఱుజాబులో వాడు తెలుగున 'కాకి' యని వ్రాయబోయి, గుడి మఱచి 'కాక' అని వ్రాసినాడు. క్రింద అమ్మాయి చేత వ్రాయించిన మాట: "అమ్మమ్మా, నీవు కన్ను పెట్టేశావు. అది పక్షి."