తేజ, 22 బస్తాలు

శీర్షికల గురించి చెప్పమంటే సాహిత్యం చదువుకున్నవాళ్ళం గంటలకొద్దీ చెప్పగలం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా తెచ్చి ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పేరు పెట్టింది. అంతకుముందటి చరిత్రలన్నిటి మీదా ఫిర్యాదు ఆ పేరులోనే ఉంది. పీహెచ్‌డీలో ఇలాంటి పేర్ల మీద ఒక అధ్యాయమే రాశాను. కానీ పేరుకు రూపాయల్లో విలువ కట్టే చోటు విశ్వవిద్యాలయంలో లేదు, ఎనుమాముల మార్కెట్లో ఉంది.

జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న మొదలైంది. తొలి విడత 21 మార్కెట్లలో వరంగల్ ఒకటి. ఈ పద్ధతిలో గేటు దగ్గరే సరుకుకు లాటు నంబరు పడుతుంది. పంట, రకం, బస్తాలు, రైతు పేరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. ఆన్‌లైన్ వేలంలో వ్యాపారికి కనిపించే శీర్షిక ఈ కాసిని మాటలే. ‘మేలైన’, ‘శ్రేష్ఠమైన’ లాంటి విశేషణాలకు చోటు లేదు. (మన పుస్తకాల అట్టల మీద కూడా లేకపోతే ఎంత బాగుండు!) రకం పేరే అన్నీ చెప్పాలి. తేజ అంటే సన్నకాయ, మంట. చపాటా అంటే వెడల్పు కాయ, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. ఆ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ‘వరంగల్ చపాటా’ అన్న రెండు మాటలకు ఇప్పుడు చట్టం కాపలా ఉంది.

అయితే తేజ అని రాసినంత మాత్రాన తేజ ధర రాదు. కల్లంలో ఎండబెట్టిన కాయలోంచి తాలు ఏరాలి. రంగుపోయి తెల్లబారిన కాయే తాలు. ఎర్రకాయ ధరలో దానికి సగం పలికితే గొప్ప. పది కాయల్లో ఒక్క తాలు కనిపించినా లాటు మొత్తానికీ ధర తగ్గించే సాకు దొరుకుతుంది. ఏరడం ఆడవాళ్ళ పని. ముఖానికి కొంగు చుట్టుకుని, దగ్గుతూ, మంటెక్కిన చేతులతో రోజుల తరబడి ఏరుతారు. రాత్రి ఆ చేతులతో పిల్లల్ని ముట్టుకోవడానికీ భయమే. మా మేనత్త నలభై ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. “తాలు ఏరకుంటే తేజ అన్న పేరు యాడ నిలుస్తది బిడ్డా?” అంటుంది. శీర్షికకూ వస్తువుకూ ఉండాల్సిన సంబంధం గురించి నా అధ్యాయం మొత్తంలో ఇంత సూటి వాక్యం లేదు.

మిర్చికి ఇక్కడ జెండా పాట అని ఇంకొకటి ఉంది. ఆ రోజు వచ్చిన సరుకులో బాగున్న లాటు దగ్గర జెండా ఎత్తి పాట పాడతారు. మరునాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. మిగతా లాట్లు ఎంతకు పోయాయో ఎవరూ రాయరు. ఒక్క మంచి లాటు మార్కెట్ మొత్తానికి శీర్షిక అయిపోతుంది.

రెండేళ్ళ కిందట అత్తావాళ్ళ లాటు ‘తేజ, 22 బస్తాలు’ అని నమోదైంది. అత్త, నేను బస్తాల పక్కనే ఉన్నాం. ఒక వ్యాపారి బస్తా కోసి, గుప్పెడు తీసి, తాలు కలిసిందని జెండా ధరకు చాలా కిందికి రాశాడు. అత్త వంగి అదే బస్తాలోంచి రెండు దోసిళ్ళు తీసి గచ్చు మీద పరిచింది. “చూపియ్యి, తాలేదో” అంది. అతను ఆమెను చూడలేదు, మామను చూశాడు. ధర నచ్చకపోతే కాదనే హక్కు రైతుకు ఉంది. కానీ రైతంటే గేటు చీటీలో ఉన్న పేరు. పట్టా మామది, పాస్‌బుక్కు మామది, ధర మెసేజ్ వచ్చే ఫోనూ మామదే. మామ కాసేపు నిలబడి, కిరాయి బండి వాడు తొందరపెడుతుంటే సరే అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, అప్పు గడువు దగ్గర పడింది. కానీ సరుకులో ఏముందో కాయకాయా తెలిసిన మనిషికి ‘కాదు’ అనే వీలు లేకపోయింది.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నిర్వహించేవాళ్ళలో స్త్రీలు సుమారు 14 శాతం. కల్లాల్లో కూర్చున్నవాళ్ళను ఆ లెక్క లెక్కించదు. స్త్రీలను రైతులుగా గుర్తించాలని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. లాటు వివరాల్లో ఏరిన మనిషి పేరు కూడా ఉండాలంటే కంప్యూటర్‌లో ఇంకో గడి చాలని కొందరు మిత్రులు అంటారు. నాకు గడి చాలదనిపిస్తుంది. ధరకు ఒప్పుకునే వేలిముద్ర ఎవరిదన్నదే అసలు సంగతి.

మొన్నటి మిర్చికి అత్త గేటు దగ్గర తనే ముందు నిలబడింది. “తేజ పద్దెనిమిది బస్తాలు, తాలు రెండు, వేరు లాటు రాయి” అని చెప్పి రాయించింది. తాలును దాని పేరుతోనే అమ్మితే ఎర్రకాయను ఎవరూ శంకించరని ఆమె లెక్క. రాసుకునే అబ్బాయి, “రైతు పేరు?” అన్నాడు. అత్త మామ పేరు చెప్పింది. ఫోన్ నంబరు మాత్రం తనది ఇచ్చింది.